పరుగెత్తితే వణికే పాట

1982లో శాంటా క్లారాలో ఒక జపాన్ కంపెనీ అమెరికా శాఖలో క్వాలిటీ ఇన్‌స్పెక్టర్‌గా చేరాను. నడుముకు తగిలించుకుని హెడ్‌ఫోన్లతో పాటలు వినే చిన్న క్యాసెట్ ప్లేయర్లు మా సరుకు. ఓడలో వచ్చిన ప్రతి లాట్ నుంచి కొన్ని సెట్లు తీసి, పరీక్షించి, రిలీజ్ షీట్ మీద సంతకం పెట్టడం నా పని. ఆ సంతకం లేనిదే పెట్టె గోడౌన్ దాటదు. హోదాలో అందరికన్నా కింద ఉన్నా, ఈ ఒక్క విషయంలో నాకు కాస్త పొగరుండేది.

కొత్త మోడల్ మొదటి లాట్ నేనే వదిలాను. నెల తిరక్కుండా సెట్లు వెనక్కి రాసాగాయి. పాట వణుకుతోందని ఫిర్యాదు. టేపు వేగంలో హెచ్చుతగ్గులు కొలిచే మీటరుకు తగిలిస్తే ముల్లు బుద్ధిగా ఉన్నచోటే ఉండేది. లోపం లేదని రాసి తిప్పి పంపేవాళ్లం. ఈలోగా రెండో లాట్ దిగింది. శుక్రవారంలోగా వదలాలి. వదిలితే మళ్లీ అవే ఫిర్యాదులు, ఆపితే కారణం చూపించాలి. నేనింకా ప్రొబేషన్‌లోనే ఉన్నాను. నిజంగానే భయం వేసింది.

గురువారం ఉదయం, అదే సెట్టును మూడోసారి వెనక్కి పంపిన ఒక స్కూలు టీచరుకు ఫోన్ చేశాను. తాను అబద్ధాలకోరులా కనిపిస్తున్నానా అంటూ ముందు నన్ను దులిపేసింది. శాంతించాక, ఎప్పుడు వింటారని అడిగాను. "రోజూ పొద్దున పరుగెత్తేటప్పుడు. ఇంకెందుకు కొంటారు దీన్ని?" అంది.

బస్సు కోసం తప్ప నేనెప్పుడూ పరుగెత్తి ఎరగను. మా తెలుగు చర్చిలో మావారు ప్రభాకర్ వాయించిన హార్మోనియం టేపును రెండో లాట్ సెట్టు ఒకదానిలో వేసుకుని, ఆఫీసు బూట్లతోనే పార్కింగ్ లాట్‌లో పరుగందుకున్నాను. సాగదీసిన స్వరంలో చిన్న వణుకైనా దొరికిపోతుంది. దొరికింది. నిలబడితే పోయింది, పరుగెత్తితే వచ్చింది.

కిటికీలోంచి చూసిన మా మేనేజర్ హిరానో గారు కంగారుగా దిగివచ్చారు. సంగతి చెప్పాను. ఆయన కోటు తీసి నా చేతికిచ్చి, టై భుజం మీద వేసుకుని తానూ రెండు చుట్లు పరుగెత్తారు. ఆయాసం తీరాక నవ్వేశారు. టేపు వేగాన్ని నిలకడగా ఉంచే బరువైన చక్రం ఒకటి లోపల తిరుగుతుంటుంది. ఒళ్లు ఊగితే దాని లయ చెదురుతుంది. టోక్యోలో కుర్రకారు రైల్లో నిలబడి వింటారు కాబట్టి పరీక్షలన్నీ అలాగే చేశారట. "అక్కడి బ్రోచరు మీద మాత్రం స్కేటింగ్ చేసే కాలిఫోర్నియా అమ్మాయి బొమ్మ వేశాం, సుజాతా-సాన్," అన్నారు సిగ్గుపడుతూ.

ఆ సాయంత్రం ప్రభాకర్ ఒకటే నవ్వు. "నా హార్మోనియంని పార్కింగ్ లాట్‌లో రన్ చేయించావా? ఆదివారం చర్చ్‌లో శ్రుతి పోయిందంటే నన్నే అంటారు!"

శుక్రవారం లాట్ ఆపుతున్నట్టు షీటు మీద రాశాను. హిరానో గారే సంతకం చేస్తారేమోనని ఆశపడ్డాను. లోపం పట్టుకున్నవారే పెట్టాలన్నారు. పెట్టాను. దాని కింద ఆయన తన ముద్ర వేశారు.

టోక్యో నుంచి టెలెక్స్ వచ్చింది: ఎంతమంది పరుగెత్తారు? వాళ్ల ఎత్తు, బరువు ఎంత? ఏ బూట్లు? దాంతో సెక్షనంతా పార్కింగ్ లాట్‌లో పడ్డాం. అకౌంటెంటు సగం చుట్టుకే కూలబడితే ఆ సంగతీ రిపోర్టులో రాశాం. కొన్ని నెలల తర్వాత వచ్చిన సెట్లలో రెండు చక్రాలు ఒకదానికొకటి వ్యతిరేక దిశలో తిరుగుతూ ఒకదాని ఊపును మరొకటి సరిచేసేవి. ప్రతి లాట్‌కూ పది నిమిషాల పరుగు పరీక్ష నిబంధనగా మారింది. నా ఉద్యోగమూ ఖాయమైంది.

ఈ వ్యవహారంలో నేర్చుకున్నది ఒక్కటే. జవాబు కోసం నెలరోజులు మీటరును అడిగాం. ఆ టీచరును అడగడానికి పట్టింది నాలుగు నిమిషాలు, అందులో మూడు నేను తిట్లు తిన్నవి.