పుక్కిట పట్టిన నీళ్లు

2022 అక్టోబరు. ముదినేపల్లికి కాస్త దూరంలో, ఒక పక్క చేపల చెరువులు, మరో పక్క వరిచేలు ఉన్న ఊళ్లో నేను ఏఎన్ఎంగా పనిచేస్తున్నాను. టీకాలు వేయడం, గర్భిణులకు బీపీ చూడటం, పిల్లల బరువు తూచడం, చిన్నాచితకా జబ్బులకు మందివ్వడం, పెద్దవైతే పై ఆసుపత్రికి పంపడం ఏఎన్ఎం పని. ఊళ్లో అందరికీ నేను నర్సమ్మగారినే. అప్పటికి సర్వీసు పంతొమ్మిదేళ్లు. ఆ పంతొమ్మిదేళ్ల మీద నాకు కాస్త ఎక్కువ నమ్మకమే ఉండేది. పిల్లాడికి విరేచనాలంటే చాలు, తల్లి ఎక్కడ తప్పు చేసిందో ఇట్టే చెప్పేయగలననుకునేదాన్ని.

ఆ నెల మొదట్లో దుర్గ అనే అమ్మాయి తన కొడుకు లోహిత్‌ని ఎత్తుకుని సబ్‌సెంటర్‌కి వచ్చింది. పిల్లాడికి నాలుగేళ్లు. రెండు రోజులుగా విరేచనాలు, కొద్దిగా జ్వరం. ఆమె భర్త చేపల చెరువు మీద కాపలా ఉంటాడు, ఇంటికి వచ్చేది తక్కువ. అందుకని మావగారు కోటేశ్వరరావు గారు తోడు వచ్చారు.

ఓఆర్ఎస్ ప్యాకెట్లు, జింకు మాత్రలు ఇచ్చాను. ఓఆర్ఎస్ అంటే ఉప్పు, పంచదార లాంటివి లెక్క ప్రకారం కలిపిన పొడి, ఒంట్లోంచి పోయిన నీటిని తిరిగి అందిస్తుంది. జింకు పేగులు కోలుకోవడానికి. మందులు ఇచ్చి ఊరుకుంటే బాగుండేది. ఊరుకోలేదు.

"ఏం పెడుతున్నావమ్మాయ్ పిల్లాడికి? కొట్లో కుర్‌కురే ప్యాకెట్లేనా?"

"లేదండీ. ఇంట్లో అన్నమే. పప్పూ చారూ, రోజూ ఓ గుడ్డు."

"చేతులు కడుక్కునే పెడతన్నావా?"

ఆమె జవాబు చెప్పేలోపే కోటేశ్వరరావు గారు అందుకున్నారు. "ఓ చేతిలో ఫోను, ఓ చేతిలో ముద్ద. ఏం కడుగుద్దో ఏం పెడద్దో ఆ దేవుడికే తెలియాలి, నర్సమ్మగారూ."

నేను నవ్వి ఊరుకున్నాను. ఆ నవ్వు ఆయన మాటకి ముద్ర వేసినట్టయింది.

రెండు వారాలు తిరక్కుండా లోహిత్ మళ్లీ వచ్చాడు. ఈసారి విరేచనంలో నెత్తురు జీర ఉంది, ఒళ్లు కాలిపోతోంది. కళ్లు లోపలికి పోయాయి. పొట్ట మీద చర్మాన్ని రెండు వేళ్లతో పట్టి వదిలాను. ఆరోగ్యంగా ఉన్న పిల్లల్లో అది వెంటనే సర్దుకుంటుంది. వాడిది మెల్లగా, బద్ధకంగా సర్దుకుంది. ఒంట్లో నీరు బాగా తగ్గిపోయిందని అర్థం. 108కి ఫోన్ చేసి, బండి వచ్చేదాకా చెంచాతో ఓఆర్ఎస్ పడుతూ కూర్చున్నాను.

భయం పుట్టినప్పుడు నాకు కోపం వస్తుంది. అది నా జబ్బు. బండి ఎక్కుతున్న దుర్గతో అందరి ముందూ అన్నాను: "ముందు నీ చేతి శుభ్రం చూసుకో అమ్మాయ్. ఇట్టా అయితే పిల్లాడు దక్కడు."

గుడివాడ ఆసుపత్రిలో ఐదు రోజులు సెలైన్ ఎక్కించారు. వాడు తేరుకున్నాడు. కానీ నా మాట ఊళ్లో తిరగడం మొదలుపెట్టింది. పిల్లాడు ఆసుపత్రిలో ఉండగానే కోటేశ్వరరావు గారు పమిడిముక్కల నుంచి తన అక్కగారిని పిలిపించారు. పిల్లాడికి వంట ఆవిడే చేయాలి, ముద్ద ఆవిడే పెట్టాలి, గ్లాసు నీళ్లు కూడా ఆవిడే ఇవ్వాలి. దుర్గ పొయ్యి దగ్గరికి వెళ్లినా పిల్లాడి గిన్నె ముట్టుకోకూడదు. "నర్సమ్మగారే చెప్పారు" అన్నది వాళ్లింట్లో ఆఖరి మాట. ఈ సంగతి నాకు ఆశా కార్యకర్త చెప్పింది. పిల్లాడి మంచికే కదా అనుకుని నా పనిలో పడిపోయాను.

ఇంటికి వచ్చిన పది రోజులకు వాడికి మళ్లీ విరేచనాలు పట్టుకున్నాయి.

అదే రోజు మా పీహెచ్‌సీ డాక్టరుగారు ఫోన్ చేశారు. గుడివాడలో చేసిన స్టూల్ కల్చర్ రిపోర్టు ఆయనకు చేరింది. మలంలో ఏ సూక్ష్మజీవి ఉందో పెంచి చూసే పరీక్ష అది. సాల్మొనెల్లా అని వచ్చింది. "కోళ్ల పేగుల్లో ఉంటుందమ్మా ఇది. కోడికి ఏ జబ్బూ కనపడదు, శుభ్రంగా తిరుగుతుంటుంది. ఐదేళ్లలోపు పిల్లలకి మాత్రం గట్టిగా తగులుతుంది. ఆ ఇంట్లో కోళ్లున్నాయా?"

"మా ఊళ్లో కోళ్లు లేని ఇల్లు ఎక్కడుందండీ?" అన్నాను.

"అయితే వెళ్లి చూడండి. ఏం తింటున్నాడో కాదు, ఎట్లా తిరుగుతున్నాడో చూడండి."

వెళ్లాను. కోటేశ్వరరావు గారి అక్కగారు గుమ్మంలోనే ఎదురొచ్చారు. "నా చేత్తోనే వండి పెడతన్నానమ్మా. వేన్నీళ్లతో కడిగిన గిన్నె. మరి ఎందుకొచ్చిందో!" వెనక నుంచి కోటేశ్వరరావు గారు, "ఎక్కడో చాటుగా అదే పెట్టుంటది" అన్నారు. దుర్గ వాకిట్లో బట్టలు ఆరేస్తోంది. ఆ మాట విని తల కూడా తిప్పలేదు.

తాగే నీళ్లు క్యాను నీళ్లు, మూత ఉంది. గుడ్డు గట్టిగా ఉడికిస్తున్నారు. లోహిత్‌ని చేతులు కడుక్కోమన్నాను. సబ్బు రుద్ది, వేళ్ల సందుల్లో కూడా తోమి, నేను అంగన్‌వాడీలో నేర్పినట్టే కడిగి చూపించాడు. ఇక నాకేం తోచలేదు. పెరట్లోకి వెళ్లాం. అక్కడ ఏడెనిమిది పెట్టలు, వాటి పిల్లలు, విడిగా గంపల కింద మూడు పుంజులు. "పందేలకి కాదండీ, ముచ్చటకి పెంచుతున్నా" అన్నారు కోటేశ్వరరావు గారు. మా ఊళ్లో అందరూ ముచ్చటకే పెంచుతారు.

డాక్టరుగారి మాట గుర్తొచ్చి పిల్లాడి ముందు గొంతుక్కూర్చున్నాను. "లోహిత్, నువ్వు ఇక్కడేం ఆడుకుంటావు నాన్నా?"

"మా డేగకి నీళ్లు కొడతా."

డేగ అంటే వాళ్ల తాత వాడికి ఇచ్చిన ఎర్ర పుంజుపిల్ల. "ఏదీ, కొట్టి చూపించు."

వాడు పరుగెత్తాడు. పెట్టలు నీళ్లు తాగే మట్టి మూకుడు నేల మీద ఉంది. అందులో ఒక కోడిపిల్ల నిలబడే తాగుతోంది. దాన్ని పక్కకు తోసి, చిన్న స్టీలు గ్లాసు ముంచి, ఆ నీళ్లు పుక్కిట పట్టాడు. బుగ్గలు బూరెల్లా ఉబ్బాయి. పుంజుపిల్లను చంకలో ఇరికించుకుని, రెక్క ఎత్తి, దాని కింద ఫుర్రుమని చిమ్మాడు. మిగిలిన గుక్క మింగి, మూతి చొక్కాకి తుడుచుకుని నా వైపు గర్వంగా చూశాడు.

పుంజును సాకేవాళ్లు చేసే పనే అది. సాము చేయించాక అది అలసిపోతుంది, ఒళ్లు వేడెక్కుతుంది. నోట్లో నీళ్లు పట్టి మొహం మీద, రెక్కల కింద చిమ్ముతారు. కోటేశ్వరరావు గారు రోజూ పొద్దున్నే చేస్తారు, సీసాలో మంచినీళ్లతో. ఆ సీసా పిల్లాడికి అందదు. మూకుడు అందుతుంది.

"చూశారా నర్సమ్మగారూ, అచ్చం నాలాగే!" అని పకపకా నవ్వారు కోటేశ్వరరావు గారు. నేను నవ్వలేదు. మూకుడు తీసి ఆయన ముందు పెట్టాను. అడుగున రెట్ట పేరుకుని ఉంది, అంచున ఈకలు.

"బాబాయ్ గారూ, ఈ నీళ్లు ఒక్క గుక్క మీరు తాగగలరా?"

ఆయన మూకుడు వైపు చూశారు, మనవడి వైపు చూశారు. నవ్వు ఆగిపోయింది. "నలభై ఏళ్ల నుంచి పుంజుల్ని సాకుతున్నా. నాకేం కాలేదే" అన్నారు మెల్లగా.

"మీ పొట్ట వేరు, వాడి పొట్ట వేరు. పైగా మీరు సీసా నీళ్లు పడుతున్నారు. వాడు ఇవి పడుతున్నాడు."

దుర్గ ఎప్పుడొచ్చి నిలబడిందో, గుమ్మం దగ్గర నుంచి అంది: "రోజూ సాయంత్రానికి చొక్కా తడుపుకుని వస్తాడండీ. నీళ్లాట అనుకున్నా. నోట్లో పడతాడని నాకు తెల్దు."

ఎవరికీ తెలియదు. తెలుసుకోవాల్సిన మనిషిని నేను. వాడి నోటిలోకి ఏం వెళ్తోందని మొదటిసారే అడగాల్సింది. దుర్గ చేతుల దగ్గరే ఆగిపోయాను. పసిపిల్లలు కోళ్ల మధ్య, దూడల మధ్య తిరగని ఊరు మాది కాదు. నా పిల్లలూ అలాగే పెరిగారు. అందుకే నా కళ్లకి ఆ పెరడు ఆనలేదు.

"డేగని అమ్మేస్తారా?" అని లోహిత్ ఏడుపు మొహం పెట్టాడు. అమ్మనక్కర్లేదని చెప్పాను. చెప్పాల్సినవి తాతకి చెప్పాను. మూకుడు కోళ్లకి తప్ప పిల్లాడికి అందని చోట, వల కట్టి లోపల పెట్టాలి. రోజూ కడగాలి. పిల్లాడు పుంజును పట్టుకుంటే పక్కన పెద్దవాళ్లుండాలి, ముద్దులు పెట్టకూడదు, ఆట అవగానే సబ్బుతో చేతులు కడగాలి. కోళ్ల దగ్గర నోట్లో ఏదీ పెట్టుకోకూడదు, తాతగారు కూడా. వాడు చూసి నేర్చుకునేది ఆయన దగ్గరే కాబట్టి. ఆయన తలూపారు. ఆ వారమే ఇస్త్రీ కొట్లో వాడేలాంటి స్ప్రే సీసా కొనుక్కొచ్చి దాంతోనే పుంజులకి నీళ్లు కొట్టడం మొదలుపెట్టారు. విరేచనాలు ఓఆర్ఎస్, జింకులతోనే తగ్గాయి. తర్వాత మళ్లీ రాలేదు.

కానీ ఆ రోజు అక్కడి నుంచి లేచే ముందు చేయాల్సిన పని ఇంకొకటి మిగిలింది. తాతగారినీ, ఆయన అక్కగారినీ పిలిచి, దుర్గ ఎదుటే అన్నాను: "తప్పు నాది. ఈ అమ్మాయి చేతి అన్నంలో ఏ లోపమూ లేదు. అడక్కుండా, చూడకుండా మాటన్నాను. దుర్గా, నన్ను క్షమించు."

తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది. కొడుకు చేయి పట్టుకుని కుళాయి దగ్గరికి తీసుకెళ్లి, వాడి మూతి కడుగుతూ, నా వైపు చూడకుండానే అంది:

"పన్నెండు రోజులైందండీ, వాడికి నా చేత్తో ముద్ద పెట్టి."

అక్కగారు లోపలికి వెళ్లి పిల్లాడి గిన్నె తెచ్చి దుర్గ చేతికిచ్చారు. నేను సంచి సర్దుకుని బయటికి వచ్చేశాను.

ఇప్పుడు ఏ పిల్లాడు విరేచనాలతో వచ్చినా ముందు వాడి ఆట అడుగుతాను, వీలైతే ఇంటికెళ్లి ఆడి చూపించమంటాను. తల్లిని ఆ తర్వాతే అడుగుతాను, అదీ కూర్చోబెట్టి. పొరపాటున ఇచ్చిన మాత్ర ఒంట్లోంచి రెండు రోజుల్లో దిగిపోతుంది. నర్సు అన్న మాట ఇంట్లో ఎన్నాళ్లు ఉంటుందో నాకు దుర్గ చెప్పింది.