బాతు గుడ్లు పెట్టనివ్వని అమ్మమ్మ

భూపాలపల్లి వైపు వెళ్లేవాళ్లు ఎక్కువగా గుట్టలూ పాత గుళ్లూ చూడటానికి వెళ్తారు. మేం ఒక పేరు అడగడానికి వెళ్లాం. మా అమ్మ లచ్చమ్మకు డెబ్బై ఆరేళ్లు. పెద్దవంగర దగ్గరి పల్లెలో పెరిగింది. పెంచిన మా అమ్మమ్మ కన్నతల్లి కాదన్న సంగతి అమ్మమ్మే మంచాన పడ్డాక చెప్పింది. సాయుధ పోరాట కాలంలో దళంలో తిరిగే ఒకావిడ పసిగుడ్డుగా ఉన్న అమ్మను అమ్మమ్మ ఒళ్లో పెట్టి అడవికి వెళ్లిందట, మళ్లీ రాలేదట. అంతకుమించి చెప్పకుండానే అమ్మమ్మ కన్నుమూసింది. కన్నతల్లి పేరైనా తెలుసుకోకుండానే పోతానేమోనని అప్పటినుంచీ అమ్మకు ఒకటే దిగులు. ఆ రోజులు తెలిసిన మనిషి ఇక ఒక్కరే మిగిలారు. భూపాలపల్లిలో, బొగ్గు గనుల కాలనీలో, మనవడి దగ్గర ఉంటున్న అమ్మమ్మ చెల్లెలు. ఆవిడ అన్నం కూడా సరిగ్గా తినడం లేదని ఫోన్ వచ్చింది. ఇంక ఆగలేదు.

మేముండే జనగామ నుంచి బస్సులోనూ పోవచ్చు, రెండు మూడు చోట్ల మారాలి. అమ్మ మోకాళ్లు దానికి ఒప్పుకోవు కాబట్టి కారు మాట్లాడుకున్నాం. రోజుకు నాలుగు వేలు, డీజిల్ మనదే. హన్మకొండ మీదుగా నేరుగా వెళ్తే దగ్గర. అమ్మ మాత్రం పుట్టిల్లు చూసే పోదామని పట్టుబట్టింది. దాంతో ఆరింటికి బయలుదేరి కొడకండ్ల దారి పట్టాం. డ్రైవర్ యాదగిరి నోరు ఒక్క నిమిషం ఊరుకోదు, కొడకండ్లలో ఇడ్లీ తింటున్నప్పుడు తప్ప. ఎనిమిదిన్నరకు ఊరు చేరాం.

పుట్టింట్లో ఇప్పుడు ఉంటున్నది అమ్మ తమ్ముడి భార్య, మా అత్త. అరుగు మూల గంపలో ఒక కోడి రెక్కలు పరుచుకుని కూర్చుంది.

"దీని కింద బాతు గుడ్లు వెట్టిన వదినె," అంది అత్త.

ఇళ్లలో పెంచే బాతులు చాలావరకు గుడ్లు పెట్టి వదిలేస్తాయి, నిలకడగా కూర్చుని పొదగవు. అందుకే పొదుగుకు వచ్చిన కోడిని వెతికి, దాని గుడ్లు తీసేసి, బాతు గుడ్లు పెడతారు.

"దాని గుడ్లు తీసుడెందుకక్కా? రెండూ ఉంచొచ్చు గద," అన్నాడు యాదగిరి.

"కోడిపిల్లలు ముందుగాల లేస్తయి తమ్మీ. బాతుకు ఇంకో వారం కావాలె. తన పిల్లలు లేసినంక కోడి ఆగుతదా? ఎంటవెట్టుకొని పోతది. బాతు గుడ్లు సల్లవడి మురిగిపోతయి."

అమ్మ ముఖం ముడుచుకుంది. "మా అమ్మ ఉంటె గీ గంపను బజార్ల ఇసిరేస్తుండె," అంది. అందులో అబద్ధమేమీ లేదు. ఎవరైనా బాతు గుడ్లు పట్టుకుని కోడిని అడగడానికి వస్తే చాలు, అమ్మమ్మ కయ్యానికి దిగేది. "దాని గుడ్లు దాన్ని పొదగనియ్యుండ్రి" అని ఒకటే మాట. కోడిని ఇవ్వడానికి ప్రాణం ఒప్పని పిసినారి అని ఊళ్లో పేరు పడింది. అమ్మమ్మ ఆ పేరును చెరుపుకోవాలని ఎప్పుడూ చూడలేదు.

తొర్రూరు, వర్ధన్నపేట, హన్మకొండ దాటి, పరకాలలో త్వరగా భోంచేసి, ఒంటిగంటకు భూపాలపల్లి చేరాం. చిన్నమ్మమ్మ గోడకు ఆనుకుని మంచం మీద కూర్చుని ఉంది. మనిషి పుల్లలా అయిపోయింది కానీ చూపు, తెలివి సరిగ్గానే ఉన్నాయి. అమ్మ మాటను చుట్టూ తిప్పలేదు.

"చిన్నమ్మా, నన్ను కన్నామె పేరేంది?"

"ఎవలకెరుక బిడ్డా. దళపోళ్లు అసలు పేర్లు చెప్పకపోతుండె. అక్కా అనే పిలుస్తుంటిమి."

అమ్మ తల దించుకుంది. ఇంత దూరం వచ్చింది ఈ మాట కోసమా అని నాకు ఏడుపొచ్చింది. అప్పుడు చిన్నమ్మమ్మ అమ్మ చెయ్యి పట్టుకుంది.

"ఆమె పేరు తెల్వదు గని, నీ పేరు ఎవలదో చెప్త. నిన్ను తెచ్చిననాడు మా అక్కకు చంటిబిడ్డ ఉండె. లచ్చమ్మ. నిన్ను లోపటింట్ల దాసి ఇద్దరికీ పాలిచ్చింది. ఊరికి ఒక్క బిడ్డనే ఎరుక. లచ్చమ్మకు జరమొచ్చి పాణం పోయింది. మా చెలకల యాపచెట్టు కింద పాతివెట్టినం. మట్టి ఆరకముందే మిలిటరోళ్లు వచ్చిండ్రు, దళపామె బిడ్డ యాడున్నదని. మా అక్క నిన్ను రొమ్ముకేసుకొని, ఇది నా బిడ్డ, దీని పేరు లచ్చమ్మ అన్నది."

అమ్మ అడిగింది. "ఏడ్చిందా?"

"ఎట్ల ఏడుస్తది? బిడ్డ ఒళ్లె ఉండంగ ఏడిస్తె ఎవలు సచ్చిండ్రని ఊరు అడగదా? అటెనుక మీ తమ్ముడు పుట్టినా ఏడ్వలె, ముసల్దయినా ఏడ్వలె. ఆ యాపచెట్టు దిక్కు గూడ పోకపోతుండె."

తిరుగు ప్రయాణంలో నేను పొద్దున చూసిన గంప గురించే ఆలోచిస్తూ కూర్చున్నాను. కోడికి తన కింద ఉన్నవి ఎవరి గుడ్లో తెలియదు. అమ్మమ్మకు తెలుసు. తెలిసీ, పోయిన బిడ్డ పేరునే రోజూ పిలుస్తూ మా అమ్మకు తల దువ్వింది, అన్నం పెట్టింది, పెళ్లి చేసింది. పిసినారి అని అన్నవాళ్లకు ఒక్కసారీ జవాబు చెప్పలేదు. నాకు ఆమె మీద జాలికన్నా ముందు కోపం వచ్చింది, మాలో ఒక్కరికైనా చెప్పుకుని ఉంటే ఏం పోయేదని.

ఇదే దారిలో ఒక్కరోజులో వెళ్లి రావాలనుకునేవాళ్లకు నా సలహా ఒక్కటే. భూపాలపల్లిలో రెండున్నర దాటనివ్వకండి. మేం దాటనివ్వలేదు కాబట్టే వెలుతురు ఉండగానే అమ్మమ్మ వాళ్ల చెలకకు, ఆ మెట్టచేనుకు చేరుకోగలిగాం. యాపచెట్టు ఎప్పుడో పోయింది. చెలకంతా పత్తి. ఎక్కడ పాతిపెట్టారో చూపించేవాళ్లు లేరు. అమ్మ చెప్పులు విడిచి గట్టు మీద కూర్చుని, ఇన్నేళ్లూ అందరూ తనను పిలిచిన పేరుతో ఆ బిడ్డను పిలిచింది.

"లచ్చమ్మా," అంది. "అమ్మ నీకోసం ఏడ్వలేదనుకోకు బిడ్డా. ఏడిస్తె నన్ను గుంజుకపోతుండిరి."

ఆ తర్వాత ఊరంతా వినేలా ఏడ్చింది.