అతిథికి చూపని గది

కోవిల్‌పట్టిలో బస్టాండు వెనక వీధిలో, మిద్దె మీద ఉంది మా ఇల్లు. నా సొంత ఇల్లని కాదు. మొగుడి దెబ్బలు తట్టుకోలేక బయటపడ్డ ఆడవాళ్ళు వచ్చి తల దాచుకుని, కుట్టుపని నేర్చుకుని, తమ బతుకు తాము చూసుకోగలిగేదాకా ఉండే ఇల్లు. నేనక్కడ వంట చేస్తాను, మిషను తొక్కడం నేర్పుతాను. బడికి పోయినదాన్ని కాను. ఈ అక్షరాలు మా నాయన పీట మీద బియ్యం పోసి వేలు పట్టి దిద్దించినవి. ఇంత అన్నం, ఇందరి తోడు ఇచ్చినందుకు రోజూ పొద్దున పెరుమాళ్ళకు దీపం పెట్టుకుంటాను. ఆ నెలలో మాత్రం ఒత్తి వెలిగించి, ఈ ఇల్లు నిలబెట్టు స్వామీ అని అడిగేదాన్ని.

ఏళ్ళ తరబడి మాకు డబ్బు పంపుతూ వచ్చిన పైదేశపు సంస్థ ఇక పంపలేమంది. రూల్సు మారాయట. ఆ ఇంటిని నడిపే ఆవిడను అందరం పెద్దక్క అంటాం. ఆమె ఎక్కని ఆఫీసు లేదు, అడగని మనిషి లేడు. అద్దె కట్టలేకపోతే నెలాఖరుకు ఖాళీ చేయమన్నాడు ఇంటి ఓనరు. మిగిలిన ఆశల్లా విరుదునగర్‌లో పప్పుల వ్యాపారస్థుల కుటుంబం ఒకటి నడిపే చిన్న ట్రస్టు. వాళ్ళ తరఫున ఒకమ్మ వచ్చి ఇల్లు చూసిపోతానని కబురు చేసింది.

అప్పుడు మా దగ్గర ఎట్టయాపురం పక్క పల్లెటూరి పిల్ల ఒకతె ఉండేది, చిన్న కూతురితో. మొగుడు అగ్గిపెట్టెల బండిళ్ళు మోసే వ్యాను నడుపుతాడు. అతని చేతి దెబ్బకు ఆమె దవడ వాచి, కన్ను సగం మూసుకుపోయి ఉంది. ఈసారి దొరికితే ప్రాణాలతో వదలనని ఆమె తల్లితోనే చెప్పి వెళ్ళాడు. ఇల్లు మూతపడితే ఆ పిల్లకు వేరే గడప లేదు. నా భయమంతా అదే.

మా వాళ్ళలో, ఇంటికి మనిషి వస్తే ఇంట్లో లేమి కనపడనివ్వరు. అందుకని గోడలకు సున్నం కొట్టాం. మెట్లమీద ముగ్గులు పెట్టాం. పెట్టెల అడుగున ఉన్న పట్టుచీరలు బయటికి వచ్చాయి, లేనివాళ్ళు పక్కింట్లో అడిగి కట్టుకున్నారు. నేను వడ, పాయసం చేశాను.

పెద్దక్క ఆ పిల్లను వెనక గదిలోకి పొమ్మంది. "తినేవాళ్ళ ముందర ఈ మొగం ఎందుకు అమ్మణ్ణీ? వాళ్ళు పొయ్యేదాకా లోపల ఉండు."

"ఉంటాలే అక్కా. పాయసం మాత్రం ఎత్తిపెట్టమను అత్తని," అంటూ ఆ పిల్ల నవ్వబోయి దవడ పట్టుకుంది. అత్త అంటే నేనే.

వచ్చినావిడ మామూలు నూలుచీర కట్టుకుంది. వడ్డించేటప్పుడు నా పక్కనున్నామె చెవిలో గొణిగింది. "మనమే ఇచ్చేవాళ్ళం మాదిరి ఉండాం, పాపం ఆయమ్మే అడిగేదానికి వచ్చినట్టుండాది." ఇద్దరం కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నాం.

భోజనం చేసి, వెనకది తప్ప మిగతా గదులు చూసి, మెట్లు దిగబోతూ ఆవిడ తమిళంలో అంది. "మీరంతా చల్లగా ఉన్నారు, చూసి సంతోషమైంది. మా చేతిలో ఉండేది కొంచెం. కారియాపట్టి వైపు ఏమీ లేనివాళ్ళున్నారు. ముందు వాళ్ళకు ఇస్తాం."

వెనక గదిలోకి వెళ్ళి చూస్తే ఆ పిల్ల కూతురి గౌన్లు మడిచి సంచిలో పెడుతోంది. తలుపు సందులోంచి అంతా విన్నది.

"యాడికి?"

"ఇంగ యాడికి పోతా అత్తా. వాని ఇంటికే. మీ నోటితో పొమ్మనే పాపం మీకెందుకు?"

బిడ్డ మిషను కాలు పట్టుకుని వదలలేదు. నేను సంచి లాక్కుని, "రేపు విరుదునగర్ పోదాం. ఆయమ్మ చూడాల్సింది చూడలేదు," అన్నాను.

పెద్దక్క అడ్డుపడింది. "వాని వ్యాను తిరిగేది ఆ రోడ్డునే గదా. మతి ఉండే మాట్లాడుతుండావా?"

మతి ఉందో లేదో నాకే తెలియదు. బిడ్డను పెద్దక్క దగ్గర వదిలి పొద్దున్నే బస్సెక్కాం. కిటికీ వైపు నేను కూర్చున్నాను. ఆ పిల్ల కొంగు ముఖం మీదికి లాక్కుంది. ఎదురుగా వచ్చే ప్రతి వ్యానూ అతనిదే అనిపించింది. సాత్తూరులో బస్సు ఆగితే పక్కనే ఒక వ్యాను, నిండా అగ్గిపెట్టెల బండిళ్ళు. డ్రైవరు తల బయటికి పెట్టి మా బస్సు వైపే చూస్తున్నాడు. గోవిందా గోవిందా అనుకుంటూ కళ్ళు మూసుకున్నాను.

"వాడు కాదు అత్తా. నా చెయ్యి వదులు, నలిగిపోతుండాది," అంది ఆ పిల్ల.

ట్రస్టు గదిలో ఆవిడ ఆ దవడ వైపు చాలాసేపు చూసింది.

"నిన్న ఈ అమ్మాయి ఎక్కడుంది?"

"లోపలి గదిలో ఉండాది అమ్మా."

"ఎందుకు?"

"మీరు మా ఇంటికి వచ్చినవాళ్ళు గదా."

ఆవిడ మంచినీళ్ళు తెప్పించింది. తర్వాత ఫోను తీసి, ట్రస్టు పెద్దలకు చూపడానికి ఒక ఫోటో కావాలంది. ఆ పిల్ల ముఖం తెల్లబోయింది. ఫోటో చేతులు మారితే అతని కంట పడదన్న నమ్మకం ఏముంది? వద్దంటే ఇల్లు పోతుంది. ఇవ్వమంటే మనిషి పోతుంది.

"అయితే వద్దమ్మా. మేము పోతాం," అని లేచాను.

మేము గుమ్మం దాటకముందే ఆవిడ ఫోను సంచిలో పడేసింది. "కూర్చోండి. ఫోటో లేకుండానే అడుగుతాను. ఒప్పుకుంటారని మాత్రం చెప్పలేను."

ఒప్పుకున్నారు, ఒక్క ఏడాదికి. ఆ తల్లి కడుపు చల్లగా ఉండాలి. ఆవిడ మళ్ళీ వచ్చినప్పుడు మేమెవరమూ పట్టుచీర కట్టలేదు. నేను చారు, అన్నం వండాను. ఆవిడ వెనక గదిలోనే, ఆ పిల్ల మిషను పక్కన కూర్చుని తింది.

ఏడాది సగం గడిచింది. మళ్ళీ ఎవరి గుమ్మం ఎక్కాలో పెద్దక్క ఇప్పటినుంచే వెతుకుతోంది. వీధిలో వ్యాను హారను వినిపిస్తే వెనక గదిలో మిషను ఆగుతుంది. నేను గరిటె పట్టుకుని అలాగే నిలబడతాను. వ్యాను వెళ్ళిపోతుంది. మిషను మళ్ళీ కదిలేదాకా నాకు ఊపిరాడదు. కదిలాక, దీపం వైపు తిరిగి దండం పెట్టి, పొయ్యి దగ్గరికి వెళతాను.