చుక్కల మీద పచ్చబొట్టు

మొన్న పొద్దున అన్న ఫోన్ చేసి, "మీ వదిన పోయిందే" అన్నాడు. ఆమెకు నలభై కూడా నిండలేదు.

దేవరకొండలో మా ఇంటికి కోడలిగా వచ్చినప్పుడు నా కళ్ళు ఆమె మెడ కింది పచ్చబొట్టు మీదే ఉండేవి. ముగ్గులా చుక్కలు కలిపి పొడిచిన చిన్న పూలతీగ. "నాకూ ఇట్లాంటిది పొడిపించవా వదినా" అంటే, "నీకెందుకే పిల్లా గీ నొప్పి" అని చెంగు కప్పుకునేది. సిగ్గనుకున్నాను.

వదిన ఉంటే ఇల్లంతా నవ్వులే. మేడమెట్ల మధ్యలో నిలబడి, "జర ఆగుండ్రి, మెట్లు అలిసిపోయినయ్" అనేది. గుట్ట మీది కోట చూడబోదాం రమ్మంటే, "గుట్టనే గిటు రమ్మను, చాయ్ పోస్త" అనేది. అది ఆయాసమని మాకేం తెలుసు? ఊళ్ళో డాక్టరు గ్యాస్ అన్నాడు. చిన్న వయసు, బీపీ లేదు, షుగర్ లేదు. ఇంకేమంటాడు?

కాళ్ళు వాచాక హైదరాబాద్ తీసుకెళ్ళాం. డాక్టరమ్మ పచ్చబొట్టు చుట్టూ గట్టిపడ్డ చర్మాన్ని తడిమి చూసి, "చిన్నప్పుడు కరెంటు పెట్టిండ్రా?" అని అడిగింది. వదిన, మాతో వచ్చిన వాళ్ళమ్మ వైపు చూసింది. ఆ తల్లి గోడకు ఆనుకుని కూర్చుని అప్పుడు చెప్పింది.

పద్నాలుగేళ్ళప్పుడు మెడలో క్యాన్సర్ గడ్డలొస్తే, ఛాతీకి కూడా కరెంటు పెట్టి, అదే రేడియేషన్ ఇచ్చి, నయం చేశారట. కరెంటు గురి తప్పకుండా ఒంటి మీద పెట్టిన గుర్తుచుక్కలు చెరగవు. వాటిని చూస్తే సంబంధాలు రావని, పచ్చబొట్లు పొడిచే ఆమెతో తల్లి ఆ చుక్కల్నే తీగగా కలిపించింది. "ఎవ్వరికి చెప్పకు బిడ్డా" అని ఒట్టు వేయించుకుంది. వదిన మా అన్నకు కూడా చెప్పలేదు.

ఆ కరెంటే గడ్డల్ని కరిగించి, గుండెను మాత్రం ఏళ్ళ తరబడి లోలోపల దెబ్బతీసిందని డాక్టరమ్మ చెప్పింది. ముందే తెలిస్తే ఏటా పరీక్షలు చేస్తూ కనిపెట్టుకుని ఉండేవాళ్ళమంది. ఇప్పుడు ఆపరేషన్‌కు తట్టుకోదంది.

తిరిగొచ్చేటప్పుడు వదిన నా చెయ్యి పట్టుకుని, "మా అమ్మనేం అనకుండ్రి. నన్ను బతికించుకున్ననే అనుకున్నది" అంది. నాకు కోపం తగ్గలేదు. ఎవరి మీదో ఇప్పటికీ తెలియదు.

చివరి స్నానానికి ఆ తల్లే పసుపు రాసింది. ముఖానికి, చేతులకు రాసి, పచ్చబొట్టు దగ్గర ఆగింది. బొటనవేలితో రుద్దడం మొదలుపెట్టింది. నీళ్ళు పోయమంది, పోశాను. మళ్ళీ రుద్దింది.

"పోతలేదు బిడ్డా" అంది నాతో.

పసుపు కొట్టుకుపోయి తీగ ఇంకా స్పష్టంగా కనబడింది. ఆమె రుద్దుతూనే ఉంది.