గడులొచ్చిన మెసేజీ

ఇప్పుడు మొగుడూ పెళ్లాం అలిగితే ఫోన్ ఎత్తరు. ఆ రోజుల్లో మేమైతే బస్సెక్కేవాళ్లం. పెళ్లయిన కొత్తలో నేనూ అలాగే బొల్లారం నుంచి రుద్రారంలోని పుట్టింటికి వచ్చేశాను. మందుల కంపెనీలో పనిచేసే మా ఆయన, నేను కట్టిచ్చిన కూరకన్నా క్యాంటీన్ కూరే నయమన్నాడు మరి! "గట్లయితే గా క్యాంటీన్‌నే పెండ్లి చేసుకోకపోయినవా!" అని సంచీ సర్దాను. పటాన్‌చెరు దాటకముందే కోపం చల్లారింది (టికెట్ కొన్నాక దిగబుద్ధి కాలేదు). ఇక ఆయన పిలవనిదే ఎలా వెళ్లను? పిలుస్తాడో లేదోనని ఒకటే బెంగ.

కొన్నాళ్లకు నా చిన్న ఫోన్‌కు మెసేజీ వచ్చింది. కూడబలుక్కుని తెలుగు చదవగలను గనుక ఆత్రంగా తెరిచాను. ఒక్క అక్షరం లేదు. వరసగా ఖాళీ గడులు.

"ఏం రాసిండే బిడ్డా?" అంది అమ్మ.

"ఏం రాయలే. టిఫిన్ డబ్బాల బొమ్మలు పంపిండు. అన్నీ ఖాళీయే."

"అయ్యో, అల్లుడు ఉపాసముంటున్నట్టున్నడు! జల్దీ పొయ్యి ఎలిగించు." (పొద్దుటిదాకా అతణ్ని తిట్టిపోసింది ఈ అమ్మే.)

చింతచిగురు పప్పు, వంకాయ కూర క్యారియర్ నిండా సర్దుకుని, షిఫ్టు వదిలే వేళకు కంపెనీ గేటు ముందు ఆటో దిగాను. నన్ను చూసి ఆయన నోరు తెరిచాడు.

"ఖాళీ డబ్బాలు పంపితివి గదా, నింపుకొచ్చిన."

నా ఫోన్ చూసి కంపెనీ బస్సు వెళ్లిపోయేదాకా నవ్వాడు. "డబ్బాలు కాదే పిచ్చిదానా, తెలుగుల రాసిన! ఫోన్ల అక్షరాలు పోవంట. అక్షరానికో నంబరుంటదంట, గదే పోతది. మా డ్రమ్ముల మీద నంబరే ఉంటది సూడు, ఏం మందో తెలిసినోనికే తెలుస్తది. నీ ఫోన్‌కు తెలుగు నంబర్లు తెల్వక గడులు సూపిచ్చింది."

"మరేం రాసినవ్?"

అక్కడే గోడ పక్కన కూర్చుని, ముద్ద కలిపి నోట్లో పెట్టుకున్నాడు. "నీ కూరే మంచిగుంటదని రాసిన. ఇంటికి రమ్మన్న."

నోట్లో ముద్ద పడ్డాక చెప్పిన మాటను ఎంతవరకు నమ్మాలి? తిట్లే రాశాడేమో! అయినా మళ్లీ అడగలేదు, ఆ సాయంత్రమే ఆయన వెంట ఇంటికి వెళ్లాను.

ఇప్పుడు ఆయన లేడు. ఆ ఫోన్ మాత్రం చార్జింగ్ పెడితే వెలుగుతుంది. మొన్న కోడలు చూసి, "అత్తమ్మా, గా మెసేజీ నా ఫోన్లకు పంపుత. తెలుగుల కనిపిస్తదేమో సూద్దాం" అంది.

"వద్దమ్మా, గట్లనే ఉండనియ్యి. ఏం రాసిండో ఆయనే చెప్పిండు గదా" అని, ఫోన్ లాక్కుని ఆ గడులనే మరోసారి చదువుకున్నాను.