నేను అడిగేదాకా ఆగండి

నాకు మాట రావాలని మావాళ్ళు మూడుసార్లు నాకు గుండు చేయించారు. మాట రాలేదు. జుట్టు మాత్రం ప్రతిసారీ మునుపటికన్నా ఒత్తుగా వచ్చింది.

మొదటిసారి నాకు ఐదేళ్ళు. మొక్కు అమ్మమ్మది. మా ఇంటిదేవుడి గుడి ముందు పీట వేసి నన్ను కూర్చోబెట్టారు. నాయన భుజాలు పట్టుకున్నాడు, మామ కాళ్ళు పట్టుకున్నాడు, అమ్మ ఎదురుగా కూర్చుని నా గడ్డం పట్టుకుని ఏడ్చింది. నెత్తిమీద కత్తి నడుస్తుంటే ఆ చప్పుడు నా చెవుల్లో రంపం కోసినట్టు వినపడింది. ఆ రోజే నాకు ఒక ప్రశ్న పుట్టింది. దాన్ని అడగడానికి ఇరవై ఏళ్ళపైనే పట్టింది.

ఇప్పుడు నాకు ఇరవై ఆరు. తిరుపతిలో ఉంటాం. నాకు ఆటిజం, నోటితో మాట్లాడను. గొంతులో ఏదో ఒక కూనిరాగం నడుస్తూ ఉంటుంది, ఎడమచేతి వేళ్ళు ఊరికే ఆడుతుంటాయి, కుర్చీలో కూర్చుంటే ముందుకూ వెనక్కూ ఊగుతాను. ట్యాబ్ మీద కుడిచేతి చూపుడువేలుతో ఒక్కో అక్షరమే కొడతాను. కొట్టడం అయ్యాక ఒక మీట నొక్కితే అందులోంచి ఆడగొంతు ఒకటి చదువుతుంది. రైల్వే స్టేషన్లో బండి ఆలస్యమని చెప్పే ఆమెకు స్వయానా చెల్లెలనిపించే గొంతు. నేను ఎంత మండిపడి రాసినా అంతే మర్యాదగా చదువుతుంది. దానికీ నాకూ ఆ విషయంలో పడదు.

నా పని ఇంటర్వ్యూలు చేయడం. చేతులతో పని చేసేవాళ్ళను కూర్చోబెట్టి వాళ్ళ పని గురించి అడుగుతాను. నా స్నేహితురాలు వాటిని వీడియో తీసి తన ఛానల్లో పెట్టేది. మొదట్లో నేను టైపు చేసే సమయమంతా కత్తిరించి పారేసేది. వీడియోలో నేను టకటకా అడుగుతున్నట్టు, ఎదుటివాళ్ళు టకటకా చెబుతున్నట్టు ఉండేది. చూసి నాకు ఒళ్ళు మండింది. అలా టకటకలాడే మనిషిని నేను కాదు కదా! కత్తిరించొద్దని చెప్పాను. చూసేవాళ్ళు తగ్గిపోతారంది. తగ్గనీ అన్నాను. తగ్గారు కూడా. మిగిలినవాళ్ళలో సగంమంది వాళ్ళమ్మే చెయ్యి పట్టి కొట్టిస్తోందని కింద కామెంట్లు పెట్టారు. అప్పట్లో అమ్మ నా పక్కనే కూర్చునేది, ట్యాబ్ జారకుండా పట్టుకోవడానికి. ఆ కామెంట్లు చదివాక ట్యాబ్‌కు స్టాండు కొనుక్కుని అమ్మను కెమెరాకు కనపడనంత దూరం జరిపేశాను. దాంతో ఆవిడకు నాలుగు రోజులు కోపం. అయినా పొద్దున్నే నా తల దువ్వి జడ వేయడం మానలేదు. అది ఆవిడ ఎన్నడూ ఎవరినీ అడిగి చేసిన పని కాదు.

ఆ వీడియోలు చూసి ఊళ్ళో ఒక పాఠకుల సంఘంవాళ్ళు పిలిచారు. నెలకొకసారి తమ హాల్లో జనం ముందు ఇంటర్వ్యూ చేయమన్నారు. మొదటి నెల తిరుచానూరులో పూలమాలలు కట్టే పెద్దాయనను పిలిచాను. దారం ఏ వేలితో బిగిస్తారని అడిగితే హాలంతా చప్పట్లు కొట్టింది. పువ్వు వాడిపోతోందని మొదట ఎక్కడ తెలుస్తుందని అడిగితే మళ్ళీ చప్పట్లు. పాపం, ఆయన చెప్పిన మంచి జవాబులకు మాత్రం ఒక్కరూ కొట్టలేదు. మూడేళ్ళ పిల్ల చుట్టాల ముందు పద్యం చెబితే కొట్టే చప్పట్లు అవి. ప్రశ్న ఎవరికీ అక్కర్లేదు, ప్రశ్న బయటికి రావడమే వాళ్ళకు వింత. ఆ వింత రెండుసార్లు చూశాక, నేను మూడోది కొడుతుండగానే చాలామంది లేచిపోయారు.

అయిపోయాక ఒకావిడ వచ్చి, నేను అక్కడే నిలబడి ఉండగా, అమ్మను అడిగింది.

"పాప అన్నం తన చేత్తోనే తింటాదామ్మా?"

అమ్మ నావైపు చూసింది. నేను కొట్టాను: "తింటాను. మీరు?" రైల్వే గొంతు దాన్ని ఎంతో వినయంగా చదివింది. ఆవిడ మొహం చిన్నబుచ్చుకుని వెళ్ళిపోయింది. మంచిదే అయింది.

అసలు తలనొప్పి ఆ తర్వాత మొదలైంది. ఒక ముసలాయన నా ముందు తమలపాకులూ అరటిపళ్ళూ పెట్టి దండం పెట్టాడు. మాట్లాడని పిల్ల, కళ్ళు ఎటో చూస్తుంటాయి, ఒళ్ళు ఊగుతుంది, ఉన్నట్టుండి ఎక్కడినుంచో ఆడగొంతు పలుకుతుంది. మా ఊళ్ళల్లో దీనికి ఒకటే అర్థం, ఒంటిమీదికి అమ్మవారు వచ్చిందని. వాళ్ళ ఇంటి స్థలం తగాదా ఎప్పుడు తీరుతుందో చెప్పమన్నాడు. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. ఒకళ్ళేమో అన్నం తినడం రాదంటారు, ఇంకొకళ్ళేమో భవిష్యత్తు చెప్పమంటారు. మధ్యలో మామూలు మనిషిగా నిలబడటానికి నాకు జానెడు చోటు లేదు.

రెండో నెలకు ముందు సంఘం కార్యదర్శి మా ఇంటికి వచ్చాడు. రిటైరైన లెక్చరరు, మంచివాడే. మంచివాళ్ళతోనే నాకు ఎక్కువ ఇబ్బంది.

"పోయిన నెల మధ్యలోనే జనం లేచిపోయినారమ్మా. నువ్వు ప్రశ్నలు ముందే రాసియ్యి. మన మీటింగులు నడిపే యాంకరమ్మ సదువుతాది. నువ్వు పక్కనే కుర్సీలో కూర్సో. గౌరవం నీకే."

కుదరదన్నాను. రెండో ప్రశ్న మొదటి జవాబులోంచి పుడుతుంది, దాన్ని ముందే ఎలా రాసివ్వాలి? అంత కొట్టి చదివించేలోగా అమ్మ ఆయనకు కాఫీ ఇచ్చింది, ఆయన తాగడం కూడా అయిపోయింది.

"సరే తల్లీ. ఈసారికి సూస్తాం. ఈసారీ జనం లేచిపోతే మాత్రం ఆ కుర్సీ యాంకరమ్మదే. నన్ను తప్పు పట్టుకోవద్దు."

ఆ కుర్చీ నాకు కావాలి. ఇంతకుముందు నన్ను కూర్చోబెట్టిన పీటలన్నీ వేరేవాళ్ళు వేసినవి. నేనుగా కూర్చున్నది ఇదొక్కటే.

అందుకే రెండోసారి ఎవరిని పిలవాలో ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. చిత్తూరు వైపు ఒక పల్లెలో, గుడి దగ్గర తలనీలాలు తీసే ఆమెను పిలిచాను. భర్త పోయాక ఆయన కత్తి తను పట్టింది. యాభై దాటి ఉంటాయి. హాలుకు వచ్చి, చేతులు ఒళ్ళో పెట్టుకుని, నేను ఊగుతుంటే వింతగా చూడకుండా కూర్చుంది. ఊగే తలల మీద కత్తి నడిపిన మనిషికి నేనొక లెక్కా?

అమ్మ మూడో వరుసలో కూర్చుంది. చేతిసంచి ఒళ్ళో పెట్టుకుని, నాకన్నా భయపడుతూ.

మొదటి ప్రశ్న కొట్టడానికి రెండు నిమిషాలు పట్టింది. ఫ్యాను కిచకిచ, ఎవరిదో దగ్గు, ఎవరిదో ఫోను. పని ఎక్కువైన రోజున ముందు ఎక్కడ నొప్పి పుడుతుందని అడిగాను.

"అందరూ చేతులనుకుంటారు. చేతులు కాదుమ్మా, నడుము. వంగేది వాళ్ళు ఒగసారి, నేను దినమంతా!"

జనం నవ్వారు. తల వంచినవాళ్ళు ఏం మాట్లాడతారని రెండో ప్రశ్న కొడుతుంటే వెనకనుంచి ఒక మగగొంతు వచ్చింది.

"వాళ్ళమ్మ యాడుండాదో సూడండప్పా. ఆమే కొట్టిస్తా ఉంటాది."

మూడో వరుసలో అమ్మ లేచి నిలబడి రెండు చేతులూ పైకెత్తి హాలంతటికీ చూపించింది. తర్వాత కూర్చుంది. ఆ క్షణాన మా అమ్మంటే నాకు ఎంత ప్రేమ పుట్టిందో రాయలేను.

మొహం కనపడదు కాబట్టి తల వంచినవాళ్ళు అన్నీ చెప్పేస్తారని తలనీలాలు తీసే ఆమె చెప్పింది. అప్పుడు మూడో ప్రశ్న మొదలుపెట్టాను. ఐదేళ్ళప్పుడు పుట్టిన ప్రశ్న అది. ఇంకో రెండు మాటలు కొడితే అయిపోయేది. ఇంతలో ఒకామె పళ్ళెంలో టెంకాయ, తమలపాకులు పెట్టుకుని, ఎనిమిదేళ్ళ కూతురి చెయ్యి పట్టుకుని వేదిక ఎక్కేసింది. పూలాయన రోజు జరిగిన దండం సంగతి ఊరంతా పాకినట్టుంది.

"తల్లీ, నా బిడ్డకు మాటెప్పుడొస్తాదో సెప్పు తల్లీ. నువ్వు సెప్తే అయితాదంట."

ఆ పిల్ల గొంతులోనూ నా గొంతులో లాంటి కూనిరాగమే. ఆ పిల్లకూ నున్నటి గుండు. నాకు కోపం ఎంత వచ్చిందంటే వేళ్ళు ఆడటం ఆగిపోయింది. ఆ తల్లి మీద కాదు. ఆమె కళ్ళు మా అమ్మ కళ్ళలాగే ఉన్నాయి. అడగాల్సిన బిడ్డ పక్కనే ఉండగా నన్నూ దేవుణ్ణీ అడిగే ఈ పద్ధతి మీద వచ్చింది.

ఆ పిల్ల నావైపు చూడలేదు, ట్యాబ్ వైపు చూసింది. చెయ్యి చాపి చెరిపేసే మీట మీద వేలు పెట్టి, తియ్యకుండా అలాగే నొక్కింది. నా ప్రశ్న చివరినుంచి ఒక్కో అక్షరమే మాయమైపోయింది. హాల్లో అయ్యో అన్నారు. తల్లి పిల్ల చేతిమీద ఒకటి వేసింది. నేను బల్లమీద అరచేత్తో గట్టిగా కొట్టాను. నా భాషలో అది పిల్లను కొట్టొద్దని. నిజం చెప్పాలంటే నాకు నవ్వొచ్చింది. ఆ వయసులో ఆ మీట నా చేతికి దొరికి ఉంటే నేను చాలామంది మాటలు చెరిపేసేదాన్ని.

తల్లి కోసం చిన్నగా కొట్టాను: "నేను జోస్యం చెప్పను. ప్రశ్నలు అడుగుతాను. ఇద్దరూ ఇక్కడే కూర్చుని వినండి." ఆమె టెంకాయ బల్లమీదే వదిలేసి, మెట్టుమీద కూర్చుని పిల్లను ఒళ్ళోకి తీసుకుంది.

మళ్ళీ మొదటి అక్షరం నుంచి మొదలుపెట్టాను. కుర్చీలు జరుగుతున్న చప్పుడు వినిపించింది. ఒకళ్ళు లేచారు, ఇంకో ఇద్దరు లేచారు. కార్యదర్శి మైకు తీసుకుని లేచాడు.

"అంతలోపల మన యాంకరమ్మ ఒగటి రెండు ప్రశ్నలు..."

కుడివేలు ఆపకుండానే ఎడమ అరచెయ్యి ఆయనవైపు చాపాను. కూడలిలో పోలీసు బండ్లను ఆపినట్టు. ఆయన నోరు తెరిచి అలాగే నిలబడ్డాడు. పోయేవాళ్ళు పోతారు, నా ప్రశ్న మాత్రం వేరే నోట్లోకి పోదు. చెమటకు వేలు జారింది, తప్పు పడింది, దిద్దాను. మొత్తానికి పూర్తయింది. మీట నొక్కాను.

"మొక్కు ఒకరిదై, తల ఇంకొకరిదైతే, మీరు ఎవరిని అడుగుతారు?"

చప్పట్లు పడలేదు. ఆమె కూడా వెంటనే చెప్పలేదు. నేను ప్రశ్నకు తీసుకున్నంత సేపూ ఆమె జవాబుకు తీసుకుంది. అంతసేపు ఎదురుచూడటం ఎంత కష్టమో నాకు అప్పుడు తెలిసింది. అయినా ఎదురుచూశాను.

"కొత్తల్లో ఎవర్నీ అడగలేదుమ్మా. వాళ్ళు పట్టుకున్న్యారు, నేను గీసినాను. ఇప్పుడట్ల కాదు. కత్తి మడిసి ముందు బిడ్డ సేతిలోనే పెడతా. బిడ్డ దాన్ని తిప్పి తిప్పి సూసుకోవాల. మళ్ళీ నా సేతికిస్తే గీస్తా. ఎంతసేపైనా కాసుకోనుంటా. ఇయ్యలేదనుకో, మొక్కుకున్నోళ్ళ పక్క తిరుగుతా. మొక్కు నీదే గదా, నువ్వే కూర్సో అంటా."

మెట్టుమీది తల్లి చెయ్యి ఆమెకు తెలియకుండానే తన కొప్పు మీదికి పోయింది. మూడో వరుసలో మా అమ్మ తల వంచుకుంది. కార్యదర్శి చేతిలో మైకు కిందికి దిగింది. అప్పుడు చప్పట్లు మొదలయ్యాయి, ఈసారి నాకు కాదు, ఆమెకు. అరచెయ్యి ఎత్తి వాటినీ ఆపి కొట్టాను: "ఇంకా నాలుగు ప్రశ్నలున్నాయి. లేచినవాళ్ళు కూర్చోండి." గుమ్మం దాకా వెళ్ళినవాళ్ళలో కొందరు వెనక్కి వచ్చి కూర్చున్నారు. రానివాళ్ళకు ఇంట్లో పనులుండి ఉంటాయి. కుర్చీ గురించి కార్యదర్శి మళ్ళీ మాట ఎత్తలేదు.

టెంకాయ ఇంటికి తెచ్చుకున్నాం. మరునాడు పొద్దున్న అమ్మ దాన్ని కొట్టి పచ్చడి నూరి పెట్టి, దువ్వెన తీసుకుని నా వెనక్కి వచ్చింది. ఇరవై ఆరేళ్ళుగా వచ్చినట్టే వచ్చింది. కానీ చెయ్యి వేయలేదు. ముందువైపుకు తిరిగి వచ్చి, దువ్వెన నా అరచేతిలో పెట్టింది.

"తల దువ్వేదా?" అని అడిగి, నిలబడింది.

పొయ్యిమీద పాలు పొంగుతున్న చప్పుడు వినపడుతోంది. అమ్మ అటు పోలేదు. నేను మెల్లగా ట్యాబ్ దగ్గరికి జరుపుకుని, ఒక్కో అక్షరమే కొట్టాను.

"ఈరోజు వద్దు."

అమ్మ సరేనంది. అప్పుడు పోయి పొయ్యి ఆర్పింది.