చెత్తబండి దగ్గర ఇంగ్లీషు

డోరా టీచరు గారి ఎదుట ఇంగ్లీషులో ఒక్క మాటైనా చెప్పనిదే మారేడ్‌పల్లిలోని ఆ వీధి చెత్త బండెక్కదు.

ఆవిడ బడి నుంచి విశ్రాంతి తీసుకున్నారు గాని, బోధన నుంచి కాదు. పొద్దున్నే కాంతమణి చెత్తరిక్షా రాగానే ఇస్త్రీ చీరతో, చేతికర్రతో దాని పక్కన హాజరు. బుట్ట ఒంపితే ‘త్రో అవే’ అనాలి. కింద రాలింది ఏరితే ‘పిక్ అప్’. గాజుపెంకులూ బ్లేడ్లూ కాగితంలో చుట్టి తెచ్చి ‘ర్యాప్ అప్’ అన్నవారికి ‘వెరీ గుడ్’. చుట్టనివారు బుట్టతో సహా వెనక్కి.

కాల్‌సెంటర్ల కాలమది. ఉచితంగా ఇంగ్లీషు వస్తుందంటే సికింద్రాబాదు నిద్రయినా మానుకుంటుంది. సీతారత్నం గారైతే, నేర్చిన వాక్యాలకు సొంత చెత్త చాలక పొరుగింటి బుట్ట అరువు తెచ్చుకున్నారు.

ఇనుపసామాను దుకాణం జోగారావు గారికి మాత్రం ఇదంతా తలనొప్పి. కిందటేడు గాజుపెంకు గుచ్చుకుని కాంతమణి పనికి రానప్పుడు కూడా ఆయన బాధపడింది వాసన గురించే. మళ్ళీ చెయ్యి తెగితే పని పోయినట్లేనని చెత్తపని చూసే మేస్త్రీ ఆమెను బెదిరించిన సంగతి ఆయన చెవికెక్కలేదు.

ఒకనాడు దుకాణానికి ఆలస్యమై, వరుసలో చిక్కుకున్నారు.

“జోగారావు గారూ, లోపల ఏమున్నది? ఇన్ ఇంగ్లిష్.”

“చెత్తండీ. ఏ భాషలోనైనా కంపే కదా.”

“సార్ట్ అవుట్ చేశారా?”

“చెత్తకు కూడా ఎంట్రన్సు పరీక్షేమిటండీ,” అంటూ సంచిని రిక్షాలోకి విసిరేశారు. అది పిగిలిపోయింది. సర్దబోయి కాంతమణి చెయ్యి చాపింది.

“చెయ్యి పెట్టకే తల్లీ!”

చేతికర్ర అడ్డుపడింది. వీధి నివ్వెరపోయింది. రిక్షా దగ్గర డోరా టీచరు గారి నోట తెలుగు. అప్పుడు కనిపించింది, తొక్కల నడుమ జోగారావు గారి గడ్డం బ్లేడు.

కాంతమణి అరచేతి మచ్చ తడుముకుంది. “పోయినేడు టీచరమ్మ ఇల్లిల్లు తిరిగి చెప్పింది సార్, పెంకులు పొట్లం కట్టుండ్రని. ఒక్కలు ఇనలే. ఇంగ్లీషు అనంగనే అందరు కట్టుడు షురూ చేసిన్రు.”

జోగారావు గారు బ్లేడు తీసి, చంకలోని పేపరులో చుట్టారు. కాలేజీనాటి ఇంగ్లీషంతా కూడదీసుకుని, “ఐ యామ్ ఎక్స్‌ట్రీమ్లీ సారీ, మేడమ్,” అన్నారు.

“నాకెందుకు? ఆమెకు చెప్పండి. తెలుగులో.”

“తప్పయిపోయిందమ్మా కాంతమణీ.”

“అయితయి సార్ గిట్ల. గా ఫికర్ గూడ త్రో అవే చెయ్యుండ్రి.”

“వెరీ గుడ్,” అన్నారు టీచరు గారు.

అది తననే అనుకుని, జోగారావు గారు దుకాణం దాకా నవ్వుకుంటూనే వెళ్ళారు.